డిడిపి కాదురా, దదప

1999లో నేను చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్ళే చోట్లు రెండుండేవి. ఒకటి పైడితల్లమ్మ చదురుగుడి. రెండోది, ఆ గుడికి కూతవేటు దూరంలో, మూడు లాంతర్ల దగ్గర ఓ మేడ మీదున్న కంప్యూటర్ సెంటర్. గుడి దగ్గర చెప్పులు పోతాయేమోనని భయం. సెంటర్ దగ్గర ఆ భయం లేదు గానీ, మెట్లెక్కుతూనే గుమ్మం ముందున్న జతలు లెక్కపెట్టుకునేవాణ్ణి. లోపల ఉన్నవి ఎనిమిది టెర్మినళ్ళు, ఒక్కోదానికి ఇద్దరం. పదహారు జతలు కనబడ్డాయంటే ఆ గంట మనది కానట్టే. కిందకి దిగి గంటస్తంభం దాకా నడిచి, ఏ బడ్డీ దగ్గరో టీ తాగి, మళ్ళీ ఎక్కడమే.

మాది చీపురుపల్లి వైపు ఓ పల్లె. డిగ్రీ చదువుకి విజయనగరం వచ్చి, అయ్యకోనేరు గట్టు దగ్గర మా దొడ్డమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. పొద్దున్న కాలేజీ, సాయంత్రం ఈ సెంటర్‌లో 'యూనిక్స్ అండ్ సి' కోర్సు. అమెరికా వెళ్ళిపోదామని కాదు. మా క్లాసులో నలుగురు చేరారు, నేనూ చేరాను.

మా గదికి పక్క గదిలో విండోస్ 98. అక్కడ రంగుల తెరలు, మౌసులు, పెయింట్‌లో ఇల్లు, కొబ్బరిచెట్టు గీస్తున్న పిల్లలు. మా గదిలో నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. మౌస్ లేదు. ఆ టెర్మినళ్ళకి సొంత బుర్ర కూడా లేదు, వట్టి తెర, కీబోర్డు. ఎనిమిదింటి తీగలూ మూల గాజు తలుపు వెనకున్న ఒకే సర్వర్‌కి వెళ్ళేవి. అందులో ఎస్‌సీవో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం. ఏసీ చల్లదనం దానికోసం, మనకోసం కాదు. చెప్పులు విప్పించిందీ దానికోసమే.

మొదటి రోజు వీఐ అనే ఎడిటర్, అంటే ఫైళ్ళు రాసుకునే ప్రోగ్రాం, తెరిచి, సి ప్రోగ్రాం రాద్దామని 'మెయిన్' అని టైపు చేశాను. నాలుగక్షరాలు కొట్టాను. తెర మీద ఒక్క 'ఎన్' మాత్రమే పడింది. మిగతా మూడూ ఏమైపోయాయో తెలీదు. కీబోర్డు పాడైందనుకుని పక్కవాడి కుర్చీలోకి మారాను. అక్కడా అంతే, ఎన్ ఒక్కటే. నాకు చెమటలు పట్టేశాయి, అంత ఏసీలోనూ.

అప్పుడొచ్చారు మాష్టారు. నిజానికి ఆయన మాకు పాఠం చెప్పే సార్ కాదు. పాఠం చెప్పే సార్ వేరే ఉండేవారు, ఆయన బోర్డు మీద చెప్పేసి వెళ్ళిపోయేవారు. ఈయన ల్యాబ్ చూసుకునే మనిషి. అంతకుముందు ఎక్కడో డేటా ఎంట్రీ చేశారట, యాభై దాటిన వయసు, పొట్టి చేతుల తెల్ల చొక్కా, జేబులో ఎప్పుడూ టెస్టర్. మేము ఆయన్ని చాటుగా ఎస్కేప్ మాష్టారు అనేవాళ్ళం. ఎందుకో ఒక్క నిమిషంలో మీకే తెలుస్తుంది.

"ఏటైంది బాబూ?"

"అక్షరాలు పడటం లేదండీ. ఎన్ ఒక్కటే పడతంది."

ఆయన నవ్వలేదు. "అది తినీనేదు. నువ్వు సెప్పినట్టే సేసినాది" అన్నారు. తర్వాత విడమరిచి చెప్పారు. వీఐ తెరవగానే మనం రాసే స్థితిలో ఉండం, ఆజ్ఞలిచ్చే స్థితిలో ఉంటాం. ఎం కొట్టి ఏ కొడితే 'ఇక్కడ ఏ అనే గుర్తు పెట్టుకో' అని అర్థం. అది పెట్టుకుంది. తర్వాత ఐ అంటే 'ఇక రాయడం మొదలుపెట్టు' అని. మొదలుపెట్టింది. మిగిలింది ఎన్, అది రాసింది. ఇరవై ఆరు అక్షరాల్లో దాదాపు దేన్ని ముట్టుకున్నా ఏదో ఒకటి చేసే ఎడిటర్ అది. నేను తెలీకుండానే మూడక్షరాలతో రెండు పనులు చేయించాను.

"ముందు ఎస్కేప్ కొట్టు. ఎక్కడున్నావో తెలీనప్పుడు ఎస్కేప్ కొట్టు. తెలిసినా కొట్టు. టింగ్‌మంటే ఇంటికాడున్నట్టు."

ఈ టింగ్ గురించి ఒక మాట చెప్పాలి. వీఐకి వారసుడైన ఇప్పటి విమ్‌లో కింద మూల 'ఇన్సర్ట్' అని రాసి ఉంటుంది, మనం ఏ స్థితిలో ఉన్నామో కళ్ళతో చూసుకోవచ్చు. మా టెర్మినల్ మీద అలా కనబడాలంటే ముందుగా షోమోడ్ అని పెట్టుకోవాలి, అది మాకెవరికీ తెలీదు. కాబట్టి చెవే గతి. రాసే స్థితిలో ఉండగా ఎస్కేప్ కొడితే చప్పుడు చేయకుండా ఆజ్ఞల స్థితికి వస్తుంది. అప్పటికే ఆజ్ఞల స్థితిలో ఉండి మళ్ళీ కొడితే టింగ్. అందుకే అందరం రెండుసార్లు కొట్టేవాళ్ళం. పదహారు మంది కొత్తవాళ్ళం ఒకే గదిలో, నిమిషానికి ఎన్ని టింగులో! పక్క గదిలో పెయింట్ పిల్లలు మా గదిని 'భజన గది' అనేవారు.

బాణం గుర్తుల కథ ఇంకోటి. రాస్తూ రాస్తూ పైలైన్‌కి వెళ్దామని పైబాణం నొక్కితే, కొత్తగా ఖాళీ లైనొకటి పుట్టి అందులో పెద్ద 'ఏ' పడేది. కిందబాణానికి 'బి'. కొన్నాళ్ళు దయ్యం పట్టిందనే అనుకున్నాం. బాణం మీట నొక్కితే టెర్మినల్ పంపేది ఒక్క సంకేతం కాదట, మూడు: ఎస్కేప్, ఓ, ఏ. మూడూ కలిసికట్టుగా చేరితే అది బాణమని వీఐకి అర్థమవుతుంది. తీగలో కాస్త ఆలస్యమై ఎస్కేప్ ముందొచ్చేస్తే, మనం ఎస్కేప్ కొట్టామనే అనుకుంటుంది. వెనకాల వచ్చిన పెద్ద ఓ అంటే 'పైన కొత్త లైను తెరువు'. ఇక ఏ అందులో పడుతుంది. దయ్యం కాదు, విడివిడిగా వచ్చిన ఉత్తరం. ఇది నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. మాష్టారు అప్పుడు చెప్పింది ఒక్కటే, "ఆ బాణాలు ముట్టుకోకండ్రా."

మరి దేనితో కదలాలి? హెచ్, జె, కె, ఎల్. ఎడమకి హెచ్, కుడికి ఎల్, అవి వరసలో అటు చివర, ఇటు చివర ఉన్నాయి కాబట్టి సరే. నడుమ రెండింటిలో ఏది పైకి, ఏది కిందకి అన్నది ఎన్నిసార్లు చెప్పినా తప్పేవాళ్ళం. మాష్టారు సుద్దముక్కతో బల్ల మీదే చిన్న జె రాశారు. "దీనికి తోక కిందకి ఏలాడతాది. కిందకెల్లాలంటే ఇది." పక్కన కె రాశారు. "ఈడు సెయ్యెత్తీసినాడు. పైకి." అంతే. ఈ ఇరవై అయిదేళ్ళలో నేనెందరికి చెప్పానో ఈ తోకా, చెయ్యీ. ఒక్కడూ మర్చిపోలేదు.

చదువు బాగానే ఉంది గానీ చేతికి పని చాల్లేదు. గంటలో నా వాటా అరగంట. అందులో కరెంటు పోతే అదీ లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో విజయనగరంలో ఎవరూ పందెం కాసేవారు కాదు, అంత నమ్మకంగా పోయేది. అందుకని ఇంటి దగ్గర సాధన చేద్దామని ఓ కీబోర్డు తయారుచేసుకున్నాను. పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు స్కేలు పెట్టి గళ్ళు గీసి, అక్షరాలు రాసి, దాన్ని అట్టముక్కకి మైదాపిండితో అంటించాను. నాలుగు వరసలు. ఎస్కేప్ గడికి ఎర్ర ఇంకు. చాలా అందంగా వచ్చింది. ఒక్కటే లోపం. ఎల్ తర్వాత గడి ఒకటి ఎక్కువ గీశాను. అది ఖాళీగా ఉండిపోయింది, సెమీకోలన్ దాని పక్కకి జరిగింది. అసలు కీబోర్డు మీద అక్కడ కొటేషన్ గుర్తు ఉంటుంది.

వీఐలో దాచాలన్నా, బయటికి రావాలన్నా మేము ఎక్కువగా మొదలుపెట్టేది కోలన్‌తోనే. ఎడమ చేత్తో షిఫ్ట్ పట్టి, కుడి చిటికెన వేలితో సెమీకోలన్ మీట. నేను ఇంటి దగ్గర రోజూ రెండు గంటలు తప్పుడు గడి మీద సాధన చేసి సెంటర్‌కి వెళ్ళేవాణ్ణి. అక్కడ కోలన్ డబ్ల్యూ క్యూ కొట్టాననుకుంటూ డబుల్ కొటేషన్ డబ్ల్యూ క్యూ కొట్టేవాణ్ణి. టింగ్. మళ్ళీ కొట్టేవాణ్ణి. టింగ్. వారం రోజులు ఫైలు మూసి బయటకి రాలేకపోయాను. తప్పు అట్టలో ఉందని కనిపెట్టింది నేను కాదు, మా దొడ్డమ్మ.

దొడ్డమ్మ గురించి చెప్పకుండా ఈ సంగతి ముందుకి కదలదు. ఆవిడ విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు నేర్చుకుంది. 1919లో మొదలైన కాలేజీ. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు పాఠం చెప్పిన చోటు, ఘంటసాల చదువుకున్న చోటు. విజయనగరం వాళ్ళం అవకాశం దొరికితే ఈ మూడు పేర్లూ చెప్పకుండా వదలం, మీరు ఓపిక పట్టాలి. దొడ్డమ్మ కచేరీలు చేయలేదు. పెళ్ళయ్యాక ఇంటి దగ్గర పిల్లలకి పాఠాలు చెప్పేది. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ముందు గదిలో నలుగురు పిల్లలు, నాలుగు ఫిడేళ్ళు, మాయామాళవగౌళలో సరళీ స్వరాలు. పిల్లి అరుపుకీ దానికీ తేడా తెలియడానికి కొన్ని నెలలు పట్టేది.

నేను సెంటర్ నుంచి తిరిగొచ్చాక, వాళ్ళు వెళ్ళిపోయిన ఆ గదిలోనే, ఆవిడ ఫిడేలు పెట్టె మీద నా అట్ట పెట్టుకుని కూర్చునేవాణ్ణి. లైను తుడిచేయడానికి డిడి, లైను నకలు తీసుకోవడానికి వైవై, దాన్ని కింద దించడానికి పి. పైకి అనుకుంటూ వేళ్ళు ఆడించేవాణ్ణి. "డిడి... వైవై పి... డిడి పి... డిడి పి..."

ఓ రోజు దొడ్డమ్మ తమలపాకులు తుడుచుకుంటూ వింది. "ఏటిరా, నువ్వూ జంటలకి వచ్చేశావా?"

సంగీతం తెలియనివాళ్ళకి: సరళీ స్వరాలు అయ్యాక జంట స్వరాలు నేర్పుతారు. సస రిరి గగ మమ పప దద నిని సస. ఒక్కో స్వరమూ రెండేసి సార్లు, రెండోదాని మీద కాస్త ఒత్తుతో. వేలికి బలం రావడానికి. నేను అట్ట చూపించాను. డిడి అంటే ఏమిటో, వైవై అంటే ఏమిటో చెప్పాను. చివరికి వెళ్ళాలంటే పెద్ద జి, మొత్తం దాచి బయటకి రావాలంటే జెడ్ జెడ్.

"అన్నీ జంటలే" అంది. "మరి దద, పప అంటే అర్థముంది. ఈ వైవై ఏటి?"

ఆవిడ దృష్టిలో డి అంటే ద, పి అంటే ప. ఇంగ్లీషులో స్వరాలు రాసుకునే పిల్లలు అలాగే రాస్తారు కదా. "డిడిపి కాదురా, దదప" అని ఒకసారి పాడింది. మంచి గొంతు కాదు, కానీ శ్రుతి తప్పదు. "దద ప. ధైవతం మీద రెండు, పంచమం మీదకి దిగడం. ఏం చేస్తుందది, మీ పెట్టెలో?"

ఏం చేస్తుందో చెబుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. డిడి అనగానే కర్సర్ ఉన్న లైను లేచిపోతుంది. పోదు, ఒక చోట దాగి ఉంటుంది. కర్సర్ తర్వాతి లైను మీద నిలబడుతుంది. అప్పుడు పి అంటే, దాచిన లైను దానికింద పడుతుంది. అంటే ఏమైంది? లైను ఒక మెట్టు కిందకి దిగింది. ద నుంచి ప కి. అవరోహణలో ఒక్క మెట్టు.

దొడ్డమ్మకి ఇందులో వింతేమీ కనబడలేదు. "దిగుతుంది మరి. ఎక్కాలంటే?"

"డిడి, కె, పెద్ద పి."

"ఎక్కడానికి పప ద అనాలి కదా?"

"అలా పెట్టలేదు దొడ్డమ్మా."

"అయితే అది రాసినవాడికి సంగీతం రాదు" అని తీర్పు చెప్పేసి, తమలపాకుల పని చూసుకుంది.

మర్నాటి నుంచి ఆవిడ నా అట్ట కచేరీకి తాళం వేయడం మొదలుపెట్టింది. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. కళ్ళు మూసుకుని చేయమనేది. ఫిడేలుకి మెట్లుండవు, వీణకైతే ఉంటాయి. వేలు ఎక్కడ పడాలో తీగ మీద గుర్తు ఏదీ ఉండదు, చెవీ వేలూ మాట్లాడుకోవాల్సిందే. అలాంటి సాధన చేసినావిడ కాబట్టి నా చిటికెన వేలు ప్రతిసారీ మరీ దూరం వెళుతోందని పట్టేసింది. "ఆ వేలెందుకు అంతలా సాగుతోంది? చెయ్యి కదలకూడదు. నీ అట్టలో ఏదో తప్పుంది." నేను ఒప్పుకోలేదు. మర్నాడు సెంటర్‌కి అట్ట పట్టుకెళ్ళి అసలు కీబోర్డు మీద పెట్టి చూస్తే, ఒక గడి ఎక్కువ. మాష్టారు అట్టని అటూ ఇటూ తిప్పి చూశారు. తప్పు సంగతి వదిలేసి, "మైదాపిండితో అంటించినావేటి? బాగా పట్టినాది" అన్నారు.

కరెంటు సంగతి మధ్యలో వదిలేశాను. సర్వర్‌కి యూపీఎస్ ఉండేది, టెర్మినళ్ళకి లేదు. కరెంటు పోతే మా తెరలు ఆరిపోయేవి, గాజు తలుపు వెనక సర్వర్ మాత్రం ఏమీ ఎరగనట్టు గుంయ్‌మంటూ ఉండేది. ఓ సాయంత్రం నేను నలభై లైన్ల ప్రోగ్రాం కొట్టాను, ఒక్కసారి కూడా దాచలేదు. కరెంటు పోయింది. ముప్పావుగంట మెట్ల మీద కూర్చున్నాం. కరెంటొచ్చి మళ్ళీ లాగిన్ అయితే, తెర మీద 'మీకు ఉత్తరం వచ్చింది' అని ఇంగ్లీషులో ఉంది. నాకెవరు రాస్తారు? నాకు ఈమెయిల్ ఉందనే నాకు తెలీదు. తెరిచి చూస్తే, రాసింది ఎడిటర్. 'నువ్వు మార్చుతున్న ఫైలు కాపీ ఒకటి దాచి ఉంచాను, ఆర్ అనే ఆప్షన్‌తో నన్ను పిలిస్తే తిరిగి తీసుకోవచ్చు' అని దాని సారాంశం.

తీగ తెగిందని తెలియగానే, చనిపోయే ముందు వీఐ చేతిలో ఉన్న పని భద్రంగా ఓ మూల పెట్టి, యజమానికి కబురు రాసి పోతుందన్నమాట. అలాగే పిలిచాను. నలభై లైన్లూ వచ్చాయి. నా జీవితంలో అందుకున్న మొదటి ఈమెయిల్ అదే. తర్వాత వచ్చినవాటిలో అంత పనికొచ్చినవి తక్కువ.

పక్క గది నుంచి మా గదికి మారిన ఒకబ్బాయి సంగతి కూడా గుర్తొస్తోంది. వర్డ్ నేర్చుకుని వచ్చాడు. అక్కడి అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టాడు, దాచుదామని. తెర బిగుసుకుపోయింది. ఎస్కేప్ కొట్టినా టింగ్ లేదు. టెర్మినల్‌కి కంట్రోల్ ఎస్ అంటే 'ఇక పంపకు, ఆగు' అని అర్థం, వీఐ దాకా వెళ్ళనే వెళ్ళదు. కంట్రోల్ క్యూ కొడితే గానీ కదలదు. మాష్టారు వచ్చి క్యూ కొట్టి, "ఆపినోడివి నువ్వే, వదలాల్సినోడివీ నువ్వే" అన్నారు. వేదాంతంలా వినిపించింది గానీ ఆయన ఉద్దేశం అంతకుమించి ఏమీ లేదు.

కోర్సు చివర పరీక్ష. విశాఖపట్నం నుంచి ఎవరో సార్ వచ్చి కూర్చున్నారు. మాష్టారిని ఎవరితోనూ మాట్లాడొద్దన్నారు. నేను ప్రోగ్రాం రాసేశాను, దాచాను, చివరిసారి చూసుకుందామని కిందకి దిగుతూ జె జె జె అని కొడుతున్నాను. లైన్లు దిగడం లేదు. ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి! క్యాప్స్ లాక్ పడి ఉంది. చిన్న జె దించుతుంది, పెద్ద జె కింది లైనుని పై లైనుకి అంటిస్తుంది. సి భాషకి లైన్లతో పెద్దగా పట్టింపు లేదు గానీ, మొదట రాసే హ్యాష్ ఇన్‌క్లూడ్ మాత్రం తన లైనులో తానే ఉండాలి. నాది దాని తర్వాతివాటితో సహా ఒకే పొడుగాటి తోరణమైపోయింది.

యు కొట్టాను. ఒక్క అతుకు విడిపోయింది. హమ్మయ్య అనుకుని మళ్ళీ యు కొట్టాను. విడిపోయిందల్లా మళ్ళీ అతుక్కుంది. ఆ పాత వీఐకి వెనక్కి ఒక్క అడుగే తెలుసు. రెండోసారి అడిగితే, వెనక్కి వేసిన అడుగునే వెనక్కి తీసుకుంటుంది. టెన్షన్‌తో వేళ్ళు చల్లబడిపోయాయి.

మాష్టారు నా వెనక నుంచి నడుస్తూ తెర చూశారు. ఆగలేదు. కిటికీ దాకా వెళ్ళి, బయటకి చూస్తూ, ఎవరితో అన్నట్టూ కాకుండా, "ఈ... ఎంత ఆశ్చర్యం!" అన్నారు. సార్ తలెత్తి చూశారు. మాష్టారు అమ్మవారి గుడి వైపు చూసి దణ్ణం పెట్టుకున్నారు.

ఆయన మాకు ఆ గుర్తుని ఎప్పుడూ ఎక్స్‌క్లమేషన్ అని చెప్పలేదు. ఆశ్చర్యార్థకం అనే చెప్పేవారు. కోలన్, ఈ, ఆశ్చర్యార్థకం. ఇప్పటిదాకా చేసిందంతా మర్చిపోయి, చివరిసారి దాచినదాన్ని మళ్ళీ తెచ్చి చూపించమని. కొట్టాను. చిటికెన వేలు ఈసారి సరైన గడి మీదే పడింది. ప్రోగ్రాం తిరిగొచ్చింది.

ఆ తర్వాత హైదరాబాదు, అమీర్‌పేట, ఉద్యోగం. అందరికీ తెలిసిన కథే, అక్కడ కొత్తగా చెప్పేదేమీ లేదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఉద్యోగంలో చేరాక, రాత్రి డ్యూటీల్లో, మాష్టారు చెప్పిన తోకా చెయ్యీ వెనక అసలు సంగతేమిటో చదువుకున్నాను. వీఐ రాసింది బిల్ జాయ్ అనే విద్యార్థి, 1976లో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో. అతను వాడిన ఏడీఎం-3ఏ అనే టెర్మినల్‌కి వేరే బాణం మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణాలు అచ్చు వేసి ఉండేవి. మనం ఇప్పుడు ట్యాబ్ నొక్కే చోట దానికి ఎస్కేప్ ఉండేది. చిటికెన వేలికి అందేంత దగ్గర. మేము ఎస్కేప్ కోసం మూలకి చెయ్యి చాచి పడిన పాట్లు అతను పడలేదు.

ఇంకోటి, అన్నీ ఒకటి రెండు అక్షరాల ఆజ్ఞలే ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. అతను ఇంటి నుంచి 300 బాడ్ మోడెమ్ మీద పనిచేసేవాడు. అంటే సెకనుకి 30 అక్షరాలు. అరచేతిలో పట్టే లెక్క: తెర మీద 24 లైన్లు, లైనుకి 80 అక్షరాలు, మొత్తం 1920. తెర ఒకసారి నిండటానికి నిమిషం పైనే. అలాంటి తీగ మీద ఎవరైనా టెలిగ్రాం ఇచ్చినట్టే మాట్లాడతారు. మన ఇళ్ళల్లో 'స్టార్ట్ ఇమ్మీడియట్లీ' అని రెండే మాటలు పంపేవాళ్ళు కదా, మాటకింత చొప్పున డబ్బు. డిడి, వైవై, పి కూడా ఆ జాతివే.

హైదరాబాదులో వీఐ పోయి విమ్ వచ్చింది. దొడ్డమ్మకి ఫోన్లో చెబితే "గిన్నెలు తోముకునేదా?" అంది. దాన్ని రాసింది బ్రామ్ మోలెనార్ అనే డచ్చాయన, 1991లో బయటకి వదిలాడు. ఇందులో యు ఎన్నిసార్లు కొడితే అన్ని అడుగులు వెనక్కి పోతుంది. మొదటిసారి అది చూసి, విశాఖపట్నం నుంచి వచ్చిన ఆ సార్ గుర్తొచ్చి, ఊరికే కూర్చుని యు యు యు అని కొట్టుకున్నాను. ఏ ఫైలూ చెప్పకుండా విమ్ తెరిస్తే నడిమధ్యన ఉగాండాలోని పేద పిల్లలకి సాయం చేయమని రాసి ఉండేది. డబ్బు అడగలేదాయన, ఇస్తే ఆ పిల్లలకి ఇమ్మన్నాడు. ఆయన 2023 ఆగస్టు 3న పోయాడు. ఆ వార్త చదివినరోజు ఆఫీసులో నా పక్కనున్న పిల్లలకి ఆయనెవరో తెలీదు. వాళ్ళు అప్పుడు తెరిచిపెట్టుకున్నది ఆయన రాసిన ఎడిటరే.

ఓ ఏడాది సిరిమాను పండక్కి విజయనగరం వెళ్ళాను. దసరా వెళ్ళిన మంగళవారం. ఆ రోజు మూడు లాంతర్ల దగ్గర నిలబడటానికి చోటుండదు. సిరిమాను, అంటే ఓ పొడవాటి చెట్టుమాను, గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది, కొసన కుర్చీలో పూజారి, కింద అరటిపళ్ళు విసిరే జనం. కంప్యూటర్ సెంటర్ ఉన్న మేడ మీద అప్పటికి బట్టల కొట్టు. చెప్పులు వేసుకునే ఎక్కొచ్చు. మాష్టారి సంగతి అడిగితే కొట్లో ఎవరికీ తెలీలేదు.

ఇంటికొచ్చి దొడ్డమ్మ మంచం పక్కన కూర్చున్నానో లేదో, ఆఫీసు నుంచి ఫోను. కొత్తగా చేరిన కుర్రాడు. సర్వర్‌లో ఓ సెట్టింగుల ఫైలు, అందులో రెండు లైన్లు తారుమారయ్యాయి, మౌస్ పనిచేయని చోట ఇరుక్కున్నాడు. "సార్, ఏం కొట్టాలి? ఒక్కొక్కటీ చెప్పండి."

నాకు నోట్లోంచి మాట రాలేదు. తెలియక కాదు. రోజూ చేసే పనే, కానీ అది వేళ్ళకి తెలుసు, నోటికి తెలీదు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మంచం పట్టె మీద రెండు చేతులూ పెట్టి వేళ్ళు ఆడించి, ఏ వేలు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ చెప్పాల్సి వచ్చింది. "ముందు ఎస్కేప్ కొట్టు. మళ్ళీ కొట్టు. జె, కిందకి. ఆ పై లైను మీదే ఆగు. ఇప్పుడు డిడి. కంగారు పడకు, పోలేదు. ఇప్పుడు పి."

దొడ్డమ్మ అప్పటికి ఫిడేలు వదిలేసి పదేళ్ళు. కీళ్ళు బిగుసుకుపోయి వేళ్ళు ముడుచుకోవు. కళ్ళు మూసుకుని పడుకునే ఉంది. నేను పి అనగానే సన్నగా, శ్రుతి తప్పకుండా, "దద ప" అంది.

అవతల కుర్రాడు, "సార్, లైను దిగింది" అన్నాడు.

"ఇప్పుడు దాచెయ్. కోలన్, డబ్ల్యూ, క్యూ" అంటూ మంచం పట్టె మీద కొట్టి చూపించాను, అతనికి కనబడుతుందన్నట్టు. ఫోను పెట్టేశాక చూస్తే దొడ్డమ్మ కళ్ళు తెరిచి నా కుడిచెయ్యి వైపే చూస్తోంది.

"చిటికెన వేలు ఇంకా పక్కకెళ్ళి వెనక్కొస్తోందిరా" అంది. "ఆ అట్ట అప్పుడే చింపేయాల్సింది."